కానుక సంచి పట్టిన క్యాసినో చేతులు

సహోదరీ సహోదరులారా, చాలామంది సాక్ష్యాలు ఏదో ఒక చీకటి గదిలో మొదలవుతాయి, నా చీకటి రోజులు మాత్రం కెనడాలోని ఈ ఒంటారియో మొత్తంలోకీ ఎక్కువ కరెంటు కాలే చోట గడిచాయి. అక్కడి పైకప్పుకు వేలాడే దీపాల్లో సగం తెచ్చి మా భీమవరంలో పెడితే రొయ్యలు తెల్లారిందనుకొని చెరువులోంచి ఒడ్డెక్కేస్తాయి, అంత వెలుగు! ఆ వెలుగులో మెడకు నల్ల బో టై కట్టుకొని, నలభై ఆరేళ్ళ వయసులో, పేకముక్కలు పంచుతూ నిలబడ్డ మనిషినీ నేనే, ఆదివారం మధ్యాహ్నం మీ మధ్య కానుక సంచి పట్టుకొని అతి భక్తిగా నడిచిన మనిషినీ నేనే. నెలల తరబడి ఈ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ప్రభువు వాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా ఎలా నిలబెట్టాడో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. మన సంఘ పత్రికవారు ఒక్క పేజీ చాలన్నారు. ఒక్క పేజీలో ఈయన తుమ్ము కూడా పట్టదండీ అని మా ఆవిడ కరుణ హెచ్చరించింది, వారు వినలేదు, కాబట్టి ఇకపై జరిగేదానికి నా బాధ్యత లేదు.

నాకు తాగుడు లేదు, పొగ లేదు, పేకాట సంగతి చెప్పనే అక్కర్లేదు, పద్దెనిమిదేళ్ళు లాడ్జిలో పనిచేసినా ఒక్కనాడు ముక్క పట్టినవాణ్ణి కాదు. నాకు పట్టిన రోగం పేరు మేనేజర్. నవ్వకండి! భీమవరం బస్టాండు ఎదురుగా ఉన్న ఆ లాడ్జిలో నేను పద్దెనిమిదేళ్ళు అసిస్టెంట్ మేనేజర్‌ని. మేనేజర్ కుర్చీలో ఓనరు గారి బావమరిది ఉండేవాడు, కుర్చీ వెనక తెల్ల తువ్వాలు ఉండేది. బావమరిది ఆ తువ్వాలుకు వీపు ఆనించి నిద్రపోతుంటే లాడ్జి అంతా నేను నడిపేవాణ్ణి. నా పెళ్ళి శుభలేఖలో అసిస్టెంట్ మేనేజర్ అనే పడింది, మా అమ్మాయి బాప్తిస్మం రోజున స్టేజీ మీద పిలిచినప్పుడూ అసిస్టెంట్ మేనేజర్ సాల్మన్ రాజు గారు అనే పిలిచారు, నేను పోయాక సమాధి రాయి మీద కూడా ఆ అసిస్టెంటే చెక్కుతారని నాకు కలలు వచ్చేవి. ఆ తువ్వాలు కుర్చీ కోసం నేను చేసిన ప్రార్థనలు పోగేస్తే గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టొచ్చు.

అవి కెనడాకు విద్యార్థులు వెల్లువలా వస్తున్న సంవత్సరాలు. విజయవాడ కన్సల్టెన్సీల ముందు లైన్లు రోడ్డు దాటి అవతలి టిఫిన్ సెంటర్‌లోకి వెళ్ళి, ఇడ్లీ తిని తిరిగి వచ్చేవి. ఆ లైన్లో నేను కూడా నిలబడ్డాను. కన్సల్టెంటు కుర్రాడు నా జుట్టు వైపు చూసి, “వయసుదేముందండీ, ఫోటో ముందు రంగేయించండి చాలు,” అన్నాడు. అలా హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్ అనే కోర్సులో, పేరులోనే మేనేజర్ వాసన ఉంది కదా అని, చేరిపోయాను. కాలేజీలో మొదటి రోజు నేను క్లాసులోకి అడుగు పెట్టగానే నలభై మంది లేచి నిలబడి గుడ్ మార్నింగ్ సర్ అన్నారు. నేనూ నీట్‌గా కూర్చోమన్నాను. అసలు ప్రొఫెసరమ్మ వచ్చేదాకా హాజరు కూడా తీసుకున్నాను! మేం ఉండేది కేంబ్రిడ్జ్‌లో, గోడౌన్లూ ఫ్యాక్టరీలూ ఉన్న మన కేంబ్రిడ్జ్, కానీ భీమవరంలో చుట్టాలు ఇంగ్లండులో ఉన్న పెద్ద యూనివర్సిటీ అనుకొని ఫ్లెక్సీ కట్టించారు. నేను కాదనలేదు. సహోదరులారా, ఇక్కడ గుర్తు పెట్టుకోండి, అబద్ధం చెప్పడం నాకు రాదు, కాదనకపోవడం మాత్రం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

రెండో సెమిస్టరులో మా ఊరికి ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక క్యాసినో వాళ్ళు కాలేజీకి వచ్చి, బల్లల దగ్గర ముక్కలు పంచే డీలర్లు కావాలి, ట్రైనింగ్ మేమే ఇస్తాం, ఇక్కడ డీలర్లుగా మొదలైనవాళ్ళే పైకి ఎక్కి క్యాసినో మేనేజర్లు అవుతారు అన్నారు. ఆ వాక్యంలో నాకు వినిపించింది చివరి మాట ఒక్కటే. నేను ఆ టేబుల్ దగ్గరికి ఎంత వేగంగా వెళ్ళానంటే, నా వెనక నా నీడ ఇంకా క్యాంటీన్‌లోనే ఉండిపోయింది.

క్యాసినో మేనేజర్ కావాలంటే ఏం కావాలో ఇప్పటికీ మన పిల్లలు నన్ను చాటుగా అడుగుతుంటారు కాబట్టి, బాహాటంగానే చెప్తాను. ముందు ప్రావిన్స్ ప్రభుత్వం వాళ్ళ లైసెన్స్ కావాలి. దానికి పోలీసు రికార్డు చూస్తారు, వేలిముద్రలు తీస్తారు, అప్పులు అడుగుతారు, ఇంతకు ముందు చేసిన ఉద్యోగాలూ ఉన్న ఇళ్ళూ అడుగుతారు, ఏడో తరగతిలో నేను పక్కవాడి పేపర్ చూసి రాసినది ఒక్కటి తప్ప అన్నీ అడిగారు. తర్వాత డీలింగ్ స్కూలు. వారాల తరబడి ముక్కలు కలపడం, పంచడం, డబ్బుకు బదులు వాడే రంగు బిళ్ళలు ఒక్క చేత్తో ఇరవై ఇరవైగా విడదీయడం. చక్రంలో బంతి తిరిగే రూలెట్ బల్ల దగ్గర ఒక అంకె మీద పదిహేడు బిళ్ళలు పెట్టినవాడు గెలిస్తే ఒక్కోదానికి ముప్ఫై అయిదు ఇవ్వాలి, పదిహేడు ముప్ఫై అయిదులు ఎంతో రెప్ప వేసేలోపు చెప్పాలి. కుర్రాళ్ళు సీలింగు వైపు చూస్తున్నారు, నేను మాత్రం అయిదువందల తొంభై అయిదు అని ఠక్కున చెప్పేశాను, ఎందుకంటే మా ఎలిమెంటరీ స్కూలు మాస్టారు పదిహేడో ఎక్కం నా వీపు మీదే రాయించారు! మా ట్రైనర్ లిండా, ముప్ఫై ఏళ్ళుగా ఆ ఫ్లోరు మీద తిరిగిన తెల్లజుట్టు ఆవిడ, కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. డీలర్ అయ్యాక ఫ్లోర్ సూపర్‌వైజర్, ఆ తర్వాత కొన్ని బల్లలన్నీ కలిపి చూసే పిట్ మేనేజర్, ఆ పైన షిఫ్ట్ మేనేజర్, అందరి పైనా క్యాసినో మేనేజర్. ఏళ్ళు పడుతుంది. డిప్లొమా ఉంటే మంచిది, లెక్కలు రావాలి, చట్టం తెలియాలి, కెమెరాలో పడ్డది చదవడం రావాలి, కోపంలో ఉన్న మనిషితో మెత్తగా మాట్లాడడం రావాలి. ఇవన్నీ నేను నేర్చుకున్నాను, దేవుని సాక్షిగా చెప్తున్నాను, పదవి కోసం నేను చదివినంత పట్టుదలగా మా అమ్మాయి మెడిసిన్ ఎంట్రన్సుకు కూడా చదవలేదు.

డీలింగ్ స్కూల్లో అన్నిటికన్నా ముందు నేర్పేది ఒకటుంది. బల్ల వదిలి వెళ్ళే ప్రతిసారీ డీలర్ రెండు చేతులతో ఒక్కసారి చప్పట్లు కొట్టి, అరచేతులు పైకి తిప్పి, కిందికి తిప్పి చూపించాలి. నా చేతుల్లో ఏమీ లేదు, నేను ఏమీ దాచలేదు అని పైనున్న కెమెరాకు చెప్పడం అది. మరచిపోతే లిండా ఊరుకోదు. వేలసార్లు చేయించింది. నెల తిరిగేసరికి నేను ఇంట్లో భోజనం బల్ల దగ్గర్నుంచి లేస్తూ కూడా చప్పట్లు కొట్టి అరచేతులు తిప్పేవాణ్ణి. “వడియాలు దాచుకున్నారని నేనేమైనా అన్నానా?” అనేది కరుణ.

ఇక మన సంఘం సంగతి. మొదటి ఆదివారం మన పాస్టర్ ప్రభుదాసు గారు, వారమంతా ఓక్‌విల్ కార్ల ప్లాంటులో డోర్లు బిగించి ఆదివారం మన హృదయాలు బిగించే మనిషి, నా చెయ్యి పట్టుకొని, “ఏం చేస్తుంటారు బ్రదర్?” అని అడిగారు. క్యాసినో లోపల ఒక బఫే ఉంది, సహోదరులారా. నేను ఆ బఫేను మనసులో తలచుకొని, “హోటల్ లైన్లోనండి,” అన్నాను. తర్వాతి ఆదివారం పాస్టర్ గారు ప్రసంగ వేదిక మీద నుంచి, “మన మధ్యకు ఒక హోటల్ మేనేజర్ గారిని పంపిన దేవునికి స్తోత్రం!” అన్నారు. మొత్తం హాలు ఆమేన్ అంది. పద్దెనిమిదేళ్ళు భీమవరం ఇవ్వని పదవి కేంబ్రిడ్జ్ ఒక్క ఆమేన్‌తో ఇచ్చేసింది. నేను కాదనలేదు.

ఆ రోజు కారులో కరుణ చాలాసేపు కిటికీలోంచి మంచు చూసి, “ఏమండీ, ప్రార్థనలో దేవుడికి కూడా హోటలనే చెప్తున్నారా?” అంది. నేను రేడియో పెట్టాను.

హోటల్ మేనేజర్ గారికి సంఘంలో మర్యాద వచ్చింది, మర్యాదతో పాటు కానుక సంచి కూడా చేతికి వచ్చింది. మొదటిసారి సంచి పట్టుకొని వరుసలన్నీ తిరిగి, ముందున్న బల్ల మీద పెట్టి, బల్ల వదిలాను కదా! చేతులు వాటంతట అవే లేచాయి. ఒక్కసారి చప్పట్లు. అరచేతులు పైకి, కిందికి. హాలంతా నా చేతుల వైపే చూసింది. నా గుండె ఆగి, మళ్ళీ కొట్టుకోవాలా వద్దా అని ఆలోచించుకుంటోంది. అప్పుడు పాస్టర్ గారు కళ్ళు తుడుచుకుంటూ లేచి, “సంఘమా, చూశారా! ‘ప్రభువా, నీ దగ్గర నేనేమీ దాచుకోలేదు’ అని సహోదరుడు చేతులు చూపించాడు! మనమందరమూ చూపిద్దాం!” అన్నారు.

మీకు గుర్తుందిగా? మీరందరూ చేశారు. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం కానుక అయ్యాక నూటయాభై మంది ఒక్కసారి చప్పట్లు కొట్టి అరచేతులు తిప్పేవాళ్ళు, అలా సరిగ్గా తిప్పే డీలర్లు ఆ క్యాసినోలో కూడా లేరు. సండే స్కూలు పిల్లలు స్కూల్లో లంచ్ అయ్యాక కూడా చేస్తున్నారని తెలిసి నేను ఒక చిన్నదాన్ని పట్టుకొని ఇదేంటమ్మా అని అడిగాను. “ఇట్స్ అవర్ ఆఫరింగ్ క్లాప్, సాల్మన్ అంకుల్!” అంది, కానుక చప్పట్లట. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. తర్వాతి రాత్రి దిగింది. పాపానికి అలవాటు పడడానికి నాకు ఒక్క రోజే పట్టింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కీర్తనల బృందంలో పాడే ప్రవళిక, జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుకొనే అమ్మాయి, చలికోట్లు తగిలించే స్టాండు దగ్గర నా పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

“అంకుల్, మీరు ఏ టేబుల్ మీద ఉంటరు?”

“ఏ టేబులమ్మా?” అన్నాను, బఫే తలచుకుంటూ.

“గట్ల చేతులు తిప్పేది హోటలోళ్ళు కాదంకుల్, నాకు ఎర్కే. నేను బ్లాక్‌జాక్ ఆడ్త.”

ఆ సైగను గుర్తుపట్టాలంటే ఆ పేకాట బల్లల దగ్గర ఎన్ని గంటలు కూర్చొని ఉండాలో నేను లెక్క వేసుకున్నాను. ఆమె కూడా నా ముఖంలో ఆ లెక్క చదివింది. కళ్ళు దించుకొని, “మీరు నా ముచ్చట చెప్పొద్దు, నేను మీ ముచ్చట చెప్ప. లెక్క సాఫ్,” అంది. నేను మళ్ళీ కాదనలేదు. దేవుని ఇంట్లో, కోట్ల మధ్య నిలబడి, తండ్రి వయసు వాణ్ణి, ఒక ఆడబిడ్డతో అలాంటి ఒప్పందం చేసుకున్నాను, సహోదరులారా! ఇది రాస్తుంటే నా పెన్ను సిగ్గుపడి సిరా ఆపేస్తోంది.

సరిగ్గా ఆ నెలలోనే నా ప్రార్థనలకు జవాబు వచ్చినట్టు కనిపించింది. అప్పటికి చదువు పూర్తయి, వర్క్ పర్మిట్ వచ్చి, ఫుల్‌టైమ్ చేస్తున్నాను. లిండా నన్ను పిలిచి, “సాల్, నిన్ను సూపర్‌వైజర్ ట్రైనింగ్‌కు తీసుకుంటున్నాం,” అంది. మేనేజర్ నిచ్చెనకు మొదటి మెట్టు! నాకు తెల్ల తువ్వాలు కనిపించింది, దాని మీద నా పేరు ఎంబ్రాయిడరీ చేసి కనిపించింది. నేను మోకరించి దేవుణ్ణి స్తుతించాను.

ట్రైనింగ్‌లో డబ్బు, కెమెరాలు, తగాదాలు, తాగినవాళ్ళు, పందొమ్మిదేళ్ళు నిండనివాళ్ళు, అన్నీ నేర్పాక చివరి పాఠం లిండా నిలబడి చెప్పింది. “మేనేజర్ కావాలనుకొనే వాళ్ళు అందరూ బిళ్ళలు చూస్తారు. మీరు ముఖాలు చూడండి. ఓడినప్పుడు ఏడ్చే మనిషి గురించి నాకంత బెంగ లేదు, గెలిచినప్పుడు కూడా ముఖం వెలగని మనిషి కనిపిస్తే వెళ్ళి పక్కన నిలబడి మాట్లాడండి. అది మీ మొదటి పని.” ఇక్కడ ఒక కాగితం ఉందని కూడా చెప్పింది. ‘నన్ను ఇక ఈ గడప దాటనివ్వకండి’ అని ఎవరైనా తమంతట తాము వచ్చి సంతకం పెట్టి ఫోటో ఇచ్చి వెళ్ళొచ్చట, ఆ తర్వాత వాళ్ళు వచ్చినా వాకిట్లోంచే వెనక్కి పంపుతారట. నేను అదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సు రాసుకున్నాను.

ఆ తర్వాతి మంగళవారం ఫ్లోరు మీద ప్రాక్టికల్. పొద్దున్నే ఒక ఫారం ఇచ్చారు, ఇక్కడ ఆడేవాళ్ళలో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే పేరు రాయండి అని, తెలిసినవాళ్ళ ఆట మీద నిఘా మనం పెట్టకూడదని రూలు. నేను ఎవరూ లేరని రాసి సంతకం పెట్టాను. అది మొదటిది.

మధ్యాహ్నం మూడింటికి లిండాతో కలిసి బల్లల మధ్య నడుస్తున్నాను. మూడో బల్ల దగ్గర ప్రవళిక. బ్యాక్‌ప్యాక్ కాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చుంది. అప్పుడే ఒక ఆట గెలిచింది, డీలర్ బిళ్ళలు ఆమె వైపు తోశాడు, ఆమె ముఖం మాత్రం గోడలా ఉంది. లిండా ఆగింది. “ఆ అమ్మాయి నిన్ను చూసి తల తిప్పుకుంది. తెలుసా నీకు?” అంది. తెలియదన్నాను. అది రెండోది. ఇంతలో పిట్ మేనేజర్ వచ్చి, “మీ దేశపు అమ్మాయిలా ఉంది సాల్, మీ వాళ్ళేనా?” అన్నాడు. నేను నవ్వు తెచ్చుకొని, “ఇండియాలో కోట్ల మంది ఉంటారు సర్, నాకు అందరూ తెలియరు,” అన్నాను. అది మూడోది.

అప్పుడే ప్రవళిక ఫోన్ మోగింది. బల్ల దగ్గర ఫోన్ మాట్లాడనివ్వరు కాబట్టి లేచి, నా వీపు వెనక్కి వచ్చి నిలబడి, గొంతులో ఎక్కడలేని ఉత్సాహం తెచ్చుకొని, “క్లాస్ల ఉన్ననే అమ్మా! సార్ చూస్తుండు, మల్ల చేస్త,” అంది.

అది నా గొంతే, సహోదరులారా! హోటల్ లైన్లోనండి అన్న ఆ గొంతే, యాస మార్చుకొని నా వెనకనుంచి వినిపించింది. సరిగ్గా అప్పుడు, నేను ఎంత పెంచి చెప్పే మనిషినో మీకు తెలుసు కానీ ఇది మాత్రం ఉన్నదున్నట్టు, పక్క వరుసలో కోడిపుంజు బొమ్మ ఉన్న ఒక స్లాట్ మెషీన్ ఉంది, ఎవరికైనా పెద్ద బహుమతి తగిలితే అది కూస్తుంది, ఏడాదికి ఎన్నిసార్లు కూస్తుందో నేనెరుగను, ఆ క్షణంలో ఎవరో ముసలాయన మీట నొక్కాడు, ఆ పుంజు రెక్కలు కొట్టి కూసింది! కెనడాలో, మైనస్ ఇరవైలో, పట్టపగలు కోడి కూసింది! కోడి కూసేలోపు ప్రభువును ముమ్మారు ఎరుగనన్న ఆ శిష్యుడి సంగతి చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో నేర్చుకున్నవాణ్ణి, ఇక ఆ కూత నాకు తప్ప ఎవరికి?

నేను అక్కడ నిలబడలేకపోయాను. స్టాఫ్ పార్కింగ్‌కు పరుగెత్తి, కారులో కూర్చొని స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. కన్నీళ్ళు గడ్డకట్టి గడ్డం స్టీరింగ్‌కు అతుక్కుందంటే మా ఆవిడ నమ్మలేదు, మీరు నమ్మండి. అప్పుడు నేను చేసిన ప్రార్థన ఇది:

“ప్రభువా, ఇన్నేళ్ళూ నిన్ను కుర్చీ అడిగాను, తువ్వాలు అడిగాను. నువ్వు నా ఎదురుగా ఒక బిడ్డను కూర్చోబెట్టి ఈమెను చూడు అన్నావు, నేను ఎరుగనన్నాను. మేనేజర్ మొదటి పని ఏమిటో రాసుకున్నానే కాని, చెయ్యలేకపోయాను, ఎందుకంటే నా నోటికి నా అబద్ధమే తాళం వేసింది. తండ్రీ, ఈ పదవి నాకొద్దు. తాళం తియ్యి. ఈ రోజే తియ్యి. మళ్ళీ కారు వేడెక్కితే నా మనసు మారిపోతుంది, నా సంగతి నీకు తెలుసు కదా తండ్రీ!”

కారు వేడెక్కకముందే దిగాను. లిండా దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయి నాకు తెలుసు, మా సంఘమే, పొద్దున ఫారంలో అబద్ధం రాశాను, ఆమె గురించి నాకు బెంగగా ఉంది అన్నాను. లిండా నా జేబు మీదున్న ట్రైనీ బ్యాడ్జి తనే తీసింది.

“రూలంటే రూలే సాల్. ఏడాది దాకా మళ్ళీ అప్లై చెయ్యలేవు.”

“తెలుసు మేడమ్.”

“తెలిసీ ఎందుకు చెప్పావు?”

కోడి కూసిందని చెప్పాను. ఆవిడకు అర్థమైందో లేదో కానీ నా భుజం తట్టి, తనే వెళ్ళి ప్రవళిక పక్కన కూర్చుంది. దూరం నుంచి చూశాను. ప్రవళిక ఒక్క నిమిషం విని, లేచి, బ్యాగు తగిలించుకొని, నా ముందునుంచే వెళ్తూ ఆగింది. “మాట తప్పిండ్రు అంకుల్. ఆదివారం రానీయండ్రి. మీ హోటల్ సంగతి అందరికీ నేనే చెప్త,” అని వెళ్ళిపోయింది.

ఆదివారానికి అయిదు రోజులు. ఆ అయిదు రోజుల్లో సాతాను నాకు ఎన్ని దారులు చూపించాడంటే గూగుల్ మ్యాప్స్ సిగ్గుపడాలి. జ్వరమని మానెయ్యి అన్నాడు. వేరే సంఘానికి పో అన్నాడు. ఎక్కడో దూరాన ఉన్న రెజైనాలో ఎవరికీ నీ ముఖం తెలియదు, అక్కడికి మారిపో అన్నాడు. కరుణ మాత్రం శనివారం నా చొక్కా ఇస్త్రీ చేస్తూ, “ఆ పిల్ల చెప్పేలోపు మీరే చెప్పండి. చెప్పేటప్పుడు ఆ పిల్ల పేరు ఎత్తారంటే మాత్రం ఇంటికి రావద్దు,” అంది. నేను నిశ్చయించుకున్నాను. సంఘం నన్ను వెలివేసినా సరే, సంచి లాక్కున్నా సరే, మళ్ళీ అసిస్టెంటు కన్నా కిందికి దిగినా సరే, ఈసారి నేను కాదనే మనిషిని అవుతాను అనుకున్నాను.

ఆ ఆదివారం కానుక సంచి బల్ల మీద పెట్టాక చప్పట్లు కొట్టలేదు. మైకు అడిగాను. ఏం చెప్పానో మీరందరూ విన్నారు. హోటల్ లేదని, నేను మేనేజర్‌ని కానని, క్యాసినోలో ముక్కలు పంచుతానని, మీరందరూ ఆదివారం ఆదివారం చేస్తున్నది ఏ బల్ల దగ్గర పుట్టిందో కూడా చెప్పాను. వెనక వంటగదిలో బిర్యానీ ఉడుకుతున్న చప్పుడు వినిపించింది. పాస్టర్ గారు మెల్లగా లేచారు.

“అంటే బ్రదర్... ఈ నాలుగు నెలలూ మనం...”

“అవునండి.”

“సండే స్కూలు పిల్లలు కూడా?”

“అవునండి.”

“నేను మిస్సిసాగా సంఘంలో కూడా నేర్పించి వచ్చాను కదండీ!”

ఎక్కడో ఒకరు ముక్కుతో నవ్వారు, అది మా ఆవిడే. ఆ తర్వాత హాలంతా నవ్వింది, నవ్వుతూనే కొందరు ఏడ్చారు. పాస్టర్ గారు మాత్రం నవ్వలేదు. నా రెండు చేతులూ పట్టుకొని అందరికీ చూపించి, “ఇన్నాళ్ళూ ఈ చేతులు ఖాళీ అని మనకు చూపించాడు, అప్పుడవి ఖాళీగా లేవు. ఇవాళ ఖాళీ అయ్యాయి. ఇవాళ చూపించు బ్రదర్,” అన్నారు. చూపించాను. అందరూ క్షమించారని నేను పెంచి చెప్పను, రెండు కుటుంబాలు కిచెనర్ సంఘానికి మారిపోయాయి, ఒక పెద్దాయన ఇప్పటికీ నాతో వాతావరణం గురించి తప్ప మాట్లాడరు. అది నాకు రావలసినదే.

ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమ విందులో నేను ఒక మూల ప్లేటు పట్టుకొని నిలబడితే ప్రవళిక వచ్చింది.

“తిడ్దామని వచ్చిన అంకుల్. మీరే మిమ్మల్ని మొత్తం తిట్టుకున్నరు. నాకేం మిగల్చలే.”

“బిర్యానీ మిగిలింది, తినమ్మా.”

ఆమె నవ్వలేదు. ప్లేటులో అన్నం చాలాసేపు కెలికి, “నా పేరు చెప్పలే మీరు,” అంది. ఆ తర్వాత చిన్నగా, “రెండో సెమ్ మొత్తం పోయిందంకుల్. క్లాసుకు పోతున్న అని బస్సు ఎక్కి ఆడికే పోయిన. ఆ మేడమ్ ఏదో కాగితం ముచ్చట చెప్పింది... నేనొక్కదాన్నే పోతే మల్ల లోపలికి పోయి కూర్చుంటనేమోనని భయమైతుంది. మీరు వస్తరా?” అంది.

సహోదరులారా, పద్దెనిమిదేళ్ళూ అందరూ నన్ను మేనేజర్ గారూ అని పిలిచి ఉన్నా, అదంతా కలిపినా నాకు అంత గౌరవం దక్కేది కాదు.

మంగళవారం పొద్దున కరుణ, నేను, ప్రవళిక ముగ్గురం కారులో వెళ్ళాం. దారిలో కరుణ పులిహోర డబ్బా ప్రవళిక ఒళ్ళో పెట్టి మూత తీసి పెట్టింది. లిండా ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి కాగితం మొత్తం ఓపికగా చదివి వినిపించింది, సంతకం పెట్టేముందు ఆలోచించుకోమంది. ప్రవళిక ఆలోచించుకోలేదు, కళ్ళు మూసుకొని ప్రార్థించింది: “యేసయ్యా, నా కాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. ఈ తలుపు నువ్వే మూసెయ్యి.” సంతకం పెట్టింది. ఫోటోకు నిలబెడితే, నవ్వొచ్చా మేడమ్ అని అడిగింది. ఇది పాస్‌పోర్ట్ కాదు, నవ్వుకో అంది లిండా. అప్పుడు నవ్వింది! అన్ని వారాలు ఆ బల్ల దగ్గర గెలిచినా వెలగని ముఖం, ఓడిపోయానని రాసిచ్చిన రోజున వెలిగింది.

అదే గదిలో నేను నా బో విప్పి లిండా చేతిలో పెట్టాను. ఏడాది ఆగితే మళ్ళీ అప్లై చెయ్యొచ్చు కదా సాల్ అంది. ఒక బిడ్డ చేతులు ఈ తలుపు బయట విడిపించి, తలుపు లోపల మరొకరి బిడ్డకు ముక్కలు పంచడం నా వల్ల కాదు మేడమ్ అన్నాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు, ఎవరి తప్పూ లేదు, ఇది నేనూ నా దేవుడూ కలిసి తీసుకున్న నిర్ణయం. ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లోనే ఒక గోడౌన్‌లో పెట్టెలు స్కాన్ చేస్తున్నాను. నారింజ రంగు జాకెట్ వేసుకుంటే భూగ్రహం మీద ఎక్కడున్నా నన్ను కనిపెట్టొచ్చు. నా టీమ్ లీడ్ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, నేను మొదటి రోజు హాజరు తీసుకున్న నలభై మందిలో ఒకడు! “అంకుల్, ఈ పెట్టెలు కొంచెం తొందరగా” అంటాడు, నేను సరే సార్ అంటాను. నా కుర్చీకి తువ్వాలు లేదు, అసలు కుర్చీయే లేదు, ఎనిమిది గంటలూ నిలబడే. దేవునికే మహిమ!

ప్రవళిక ఆ సెమిస్టరు మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది. అమ్మకు తనే ఫోన్ చేసి అంతా చెప్పింది, ఫోన్‌కు అవతల తిట్లు గంటన్నరసేపు వచ్చాయట, ఆ తర్వాత అన్నం తిన్నావా బిడ్డా అని అడిగిందట. ఈ సాక్ష్యంలో తన పేరు రాయమని తనే చెప్పింది. “రాయండ్రి అంకుల్, దాచిపెట్టుడు బందు,” అంది.

ఇది చదువుతున్న బిడ్డలారా, పెద్దలారా, మీలో ఎవరైనా క్లాసులో ఉన్నానని ఇంకెక్కడో కూర్చొని ఉండొచ్చు, హోటల్ లైన్లోనండి అని ఇంకేదో లైన్లో నిలబడి ఉండొచ్చు. నేను పెంచి చెప్పే మనిషినే, కాని ఈ ఒక్క సంగతి తగ్గించే చెప్తున్నాను: మీరు నిజం చెప్పేందుకు లేచి నిలబడిన ఆ క్షణంలో ప్రభువు మీ చెయ్యి వదలడు. నమ్మి లేవండి. ఒక్కరే లేవలేకపోతే ఆదివారం కోట్ల స్టాండు దగ్గర నేనుంటాను, వచ్చి నా పక్కన నిలబడండి, ఈసారి నేను చేసే ఒప్పందం వేరు. కారు ఉంది, పులిహోర కరుణ చేస్తుంది.

ఆ మంగళవారం మేం బయటికి వస్తూ వాకిలి దాటబోతుంటే ప్రవళిక ఆగింది. వెనక్కి తిరిగి, పైకప్పులో మెరుస్తున్న ఆ నల్ల కెమెరా వైపు తలెత్తి, ఒక్కసారి చప్పట్లు కొట్టింది. అరచేతులు పైకి తిప్పింది, కిందికి తిప్పింది. తలుపు తెరుచుకుంది, మంచు గాలి ముఖాన కొట్టింది, ఆమె ఆ రెండు చేతులూ అలాగే పైకెత్తుకొని పార్కింగ్ దాకా నడిచింది.